రత్నక్క చేతికిచ్చిన కారు

ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే కాగిన రెగ్జిన్ సీట్ల వాసన గుప్పుమంటుంది. బెంగళూరులో ఆఫీసు క్యాబ్ ఎక్కినప్పుడల్లా ఆ వాసనకు నేను పెరిగిన పావగడ గుర్తుకొస్తుంది, రత్నక్క గుర్తుకొస్తుంది.

అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న సోలార్ పార్కులో సూపర్‌వైజరు. నన్నూ, ఇంకా మాటలు సరిగా రాని తమ్ముణ్ణీ పగలంతా చూసుకున్నది రత్నక్కే. తన ఊరు క్యాతగానచెర్లులోని చేను సోలార్ పార్కుకు కౌలుకిచ్చి, అందులో సోలార్ పలకలు లేచాక, ఆమె ఒక పాత వ్యాను కొని, పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుని, రోజూ పొద్దున్నే అందులోనే మా ఇంటికి వచ్చేది. శనక్కాయలు పీకే కాలమైతే ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చికాయలు, ఎండాకాలమైతే బొరుగులూ బెల్లమూ మా ఒడిలో పోసి, తమ్ముణ్ణి కూడా ఎక్కించుకుని నన్ను బడికి తీసుకుపోయేది. దారిలో గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టడం మా ఆట. ముందుగా నవ్వినవాళ్ళు ఓడినట్టు. ఎప్పుడూ రత్నక్కే ఓడిపోయేది.

నాన్న కొత్త కారు కొన్నాక ఆ వ్యాను మా ఇంటి ముందే ఆగిపోయింది.

“నీ బండి బ్రేకులెట్లుండాయో ఏమో రత్నమ్మా. పిల్లోళ్ళను మా కార్లో తీసుకుపో. బెల్టులుండాయి, ఏసీ ఉండాది.”

“దాని ముక్కు పొడుగు సార్. ముందర కిందేముండేదీ నాకు కనపడదు. నా బండైతే చెయ్యికి అలవాటైనాది.”

“ఇదీ అలవాటైతాది లేమ్మా.”

మా మీద ప్రేమతోనే నాన్న అన్నాడు. అప్పటినుంచి రత్నక్క సీటు ముందుకు జరుపుకుని, మెడ సాచి, నవ్వకుండా నడిపేది.

నాగలమడికలో గుడి తేరు లాగే రోజు నాన్న పొద్దున్నే మోటారుసైకిల్ మీద ముందు బయల్దేరుతూ, మధ్యాహ్నం మమ్మల్ని తీసుకురమ్మని గడపలోనే ఆమె చేతికి తాళాలిచ్చాడు. అమ్మ పూర్ణం పెట్టి కాల్చి కట్టిచ్చిన ఓళిగలు నా ఒళ్ళో వెచ్చగా ఉన్నాయి. పలకల కంచె పక్కన గొర్రెల మంద అడ్డమొస్తే రత్నక్క కారు ఆపింది. మంద దాటిపోయింది. ఆమె మెల్లగానే కదిలించింది. కాలు విరిగిన గొర్రెపిల్లను ఎత్తుకోవడానికి ముసలి కాపరి ఒకడు కారు ముక్కు కిందే వంగి ఉన్నాడని మాకెవరికీ కనపడలేదు.

ఆయన హనుమంత తాత, రత్నక్క ఊరివాడే. ఆమె ఆయన తల ఒళ్ళో పెట్టుకుని “తాతా, తాతా” అంటూనే ఉంది. ఆసుపత్రి చేరకముందే ఆయన ప్రాణం పోయింది.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో, కారు ఈమెకెవరిచ్చారని పోలీసులు అడిగారు.

“బడికి తప్ప యాడికీ తీయొద్దని చెప్పినా సార్. నాకు తెలీకుండా తెచ్చింది” అన్నాడు నాన్న.

రత్నక్క తలెత్తి చూసింది. “మీరే కదా సార్ తాళాలిచ్చింది?”

ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. నేను “నాన్నా...” అనబోతే, పక్కనే నిలబడిన అమ్మ అరచేయి నా నోటిని మూసేసింది. ఆ చేయి మందుల వాసన వేస్తోంది.

రత్నక్క కేసు కోసం కోర్టు చుట్టూ తిరిగింది, వ్యాను అమ్మేసింది. తాత ఇంటి ముందు నుంచి నడవలేక కొన్నాళ్ళు అరసికెరెలో తన అక్క ఇంట్లో ఉండిపోయింది. మేము తుమకూరుకు మారాం. నాన్న ఆ కారు ఎవరికో ఇచ్చేశాడు; ఆమె పేరు మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

పోయిన నెల క్యాతగానచెర్లుకు ఒంటరిగా వెళ్ళాను. రత్నక్క పలకల మధ్య గడ్డి కోసే కూలిపని చేస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, తమ్ముడు ఏం చదువుతున్నాడని అడిగింది.

“నాన్న చెప్పింది అబద్ధమని నాకు తెలుసు రత్నక్కా” అన్నాను.

ఆమె కొడవలి కింద పెట్టింది.

“తెలుసు పాపా. నువ్వు నోరు తెరిచింది నేను చూసినా.”

కూలీలను తీసుకుపోయే వ్యాను వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు పక్కన సీటు ఖాళీగా ఉన్నా, ఆమె వెనక్కి వెళ్ళి, దారి కనపడని మూలలో కూర్చుంది. కంచె పొడవునా ఎంత దూరం చూసినా ఒక్క గొర్రె కూడా లేదు.