ఆ మాట ఎవరు విన్నారు?

మొన్న కొత్తపేట రైతుబజారు బయట ఒకామె గోనెసంచిలోంచి ఎండు బఠాణీలు జల్లెడలోకి ఒంపి, అటూ ఇటూ వంచుతూ పుల్లలు ఏరుతోంది. నాకు బంగాళాఖాతం వినిపించింది. అరచేతులకు చెమట పట్టింది. బఠాణీల వల్ల మనిషికి ఇలా అవుతుందని ఏ డాక్టరూ చెప్పగా వినలేదు కానీ, నాకు పందొమ్మిది వందల అరవై తొమ్మిది నుంచీ ఉంది. రేడియోలో మేము సముద్రాన్ని అలాగే పుట్టించేవాళ్లం. జల్లెడ మెల్లగా వంచితే అల, గబుక్కున వంచితే తుఫాను. అది నాకు నేర్పినావిడ కామేశ్వరి గారు.

ఆవిడది కాకినాడ. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండేవారు. జరిగిన సంఘటనలను రూపకాలుగా తయారుచేయడం ఆవిడ పని, వాటికి మాటలు రాయడం నా పని. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. రూపకంలో ఎవరు ఏ మాట అన్నా, పక్కన మార్జిన్‌లో ఆ మాట విన్న మనిషి పేరు రాయాలి. పేరు లేని మాట ఎంత బాగున్నా ఎర్రపెన్సిలుతో కొట్టేసేవారు. నా మాటలు చాలా బాగుండేవి కనుక ఆవిడకు నెలకో పెన్సిలు అయిపోయేది.

ఆ ఏడు మేం తీసుకున్నది తుఫానులో మునిగిన ఒక సరుకుల ఓడ కథ. బాయిలరు దగ్గర బొగ్గు వేసే మనిషి నల్లగొండవైపు వాడు, ప్రకాశం. పైకి రాలేకపోయాడు. బతికి బయటపడ్డ వంటాయన నాతో చెప్పింది అంతే: "నీళ్లు ఒచ్చినప్పుడు ఆయన కిందనే ఉండె." ఒక మనిషి చావుకు అంత చిన్న వాక్యమా అనిపించింది. అందుకని ప్రకాశం భార్యను పిలుస్తున్నట్టు నేనే అనిపించాను: "మార్తా! నేనొస్తున్నాను, దీపం ఆర్పొద్దు!"

కామేశ్వరి గారు ఆ పేజీ దగ్గర ఆగారు. "ఇది ఎవరు విన్నారయ్యా?"

"వంటాయన, మేడమ్."

ఆవిడ నమ్మి, తనే స్వయంగా మార్జిన్‌లో వంటాయన పేరు రాశారు. అప్పటినుంచి నాకు అన్నం సరిగా సయించలేదు.

ప్రసారానికి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ అన్నారు, "పద, ప్రకాశం భార్యకు చదివి వినిపించి వద్దాం. ఆవిడ వినకుండా ఊరంతా వినడమేంటి?"

బస్సులు లేవు. తెలంగాణ కావాలని ఊరు ఊరంతా రోడ్డు మీద ఉన్న రోజులు. కామేశ్వరి గారు నోరు తెరిస్తే చాలు, కాకినాడ బయటపడేది. రిక్షాలో మూసారాంబాగ్ చేరేసరికి పదిమంది కుర్రాళ్లు అడ్డం నిలబడ్డారు.

"గీమె ఎవరన్నా? ఏడికి పోతున్రు?"

"మా మేనత్త. మాది నల్లగొండ," అన్నాను. "పన్ను పీకించినం. మాట్లాడరాదు."

"కాదు బాబూ," అన్నారు కామేశ్వరి గారు. "నేనితనికి మేనత్తను కాను, నా పళ్లన్నీ ఉన్నాయి. మాది కాకినాడ. ఓడలో పోయినాయన గురించి ఇతను రాశాడు. అందులో తప్పులున్నాయేమో ఆయన భార్యనడగడానికి వెళ్తున్నాం."

ఆ కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకడు పక్కకు జరిగాడు. "పోండ్రి. అన్నా, నీ మేనత్తను జర పైలంగ తీస్కపో. పళ్లు మంచిగనే ఉన్నయి."

వాళ్లు నవ్వారు. రిక్షావాడూ నవ్వాడు. ఆవిడ మాత్రం ముందుకు చూస్తూ కూర్చున్నారు. ఒడిలోని కాగితాలను రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు.

మార్తమ్మది అక్కడే ఒక గల్లీలో ఒకే గది. కుట్టుమిషను ముందు నుంచి లేచి చాప వేసింది. "రేపు పక్కింట్ల రేడియో పెడ్తరంట. గల్లీ మొత్తం ఇంటది," అంది. నేను చదవడం మొదలుపెట్టాను. గాలి, బొగ్గు, నీళ్లు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేశాను.

"ఏమైందయ్యా?" అన్నారు కామేశ్వరి గారు.

"ఇది ఎవరూ వినలేదు మేడమ్. నేనే రాసిన."

ఆవిడ కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటే."

"ఒక్కటి చాలు. మిగతావాటినీ ఇప్పుడు నేను నమ్మలేను."

"ఏం రాసిండో సదవనీయమ్మా," అంది మార్తమ్మ.

ఆవిడ తలూపారు. మెల్లగా చదివాను. మార్తమ్మ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి వింది.

"మంచిగున్నది," అంది. "గని ఆయనది కాదు సారూ. నన్ను పేరు పెట్టి ఎన్నడు పిల్వలే. 'ఇగో, ఇన్నవా' అనేటోడు, గంతే." చక్రం మీంచి చెయ్యి తీసి, "రేపు పెట్టకు. ఆఖరికి ఏమన్నడో నాకు ఎర్క లేదు. ఎర్క లేనట్లనే ఉండనీ," అంది. ఆ తర్వాత, "ఇంకొక్కపారి సదువు," అంది.

చదివాను.

మర్నాడు ప్రసారంలో ఆ చోట మాటలు లేవు. కామేశ్వరి గారు చెయ్యెత్తి పట్టుకున్నంతసేపూ నేను జల్లెడ వంచుతూ ఉన్నాను, ఒక్క గింజ కింద పడితే ఓడ మొత్తం అబద్ధమవుతుందన్నంత భయంతో. ఆవిడ నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. అంతకన్నా ఘోరం చేశారు. తర్వాతి రూపకం కూడా నాకే ఇచ్చారు, మార్జిన్‌లో పేర్లు నన్నే రాసుకోమన్నారు.

ఆ తర్వాత జీవితమంతా మార్జిన్లు నింపుతూనే ఉన్నాను. ఆ పాత పేజీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. వంటాయన పేరు కొట్టేసి ఉంది. దాని పక్కన ఏం రాయాలో మాత్రం నేటికీ తేలలేదు. ఆ మాట విన్నవాళ్లం మూసారాంబాగ్ గదిలో ముగ్గురం ఉన్నాం. అన్నవాడే లేడు.