ఉప్పు నీళ్లకు ఉప్పు

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ లెక్కన నేను వదినను పొగడకూడదు. కానీ ఈ ఒక్క విషయంలో తప్పు నాది కాబట్టి పొగడక తప్పడం లేదు.

మా వదినది రఫూ పని. చిరిగిన కోటునో, పురుగు కొట్టిన శాలువానో తెచ్చిస్తే, ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, చిరుగు ఎక్కడుందో యజమానికే తెలియకుండా అల్లేస్తుంది. పదిహేడేళ్లుగా బస్టాండు వెనక వీధిలో, ఒక మంచం పట్టేంత గదిలో ఆమె దుకాణం. పోయిన ఏడాది ఆమె వేళ్ల కొనలు పగలడం మొదలైంది. పగుళ్లకు పట్టుపోగు చిక్కుకుని తెగిపోయేది. చర్మం డాక్టరు చేతులు తిప్పి చూసి, సబ్బునీళ్లైనా మానాలి, సూదైనా మానాలి అని తేల్చేశాడు.

ఇంట్లో ఆరుగురం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అన్నయ్య లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు, నేను ఉదయం ఏడింటికల్లా ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉండాలి. ఎవరి సాకులు వాళ్లకున్నాయి, గిన్నెలు మాత్రం ఆమెవే. అందుకని వదిన డిష్‌వాషర్ కొంది.

వారం తిరక్కుండానే గ్లాసులు తెల్లబడ్డాయి. స్టీలు గిన్నెల మీద గోటితో గీస్తే పొడి రాలేది. అద్దంలా తోముతుందన్నారు, ఇది సున్నం కొట్టి ఇస్తోందని అమ్మ సణుగుడు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, మిషన్‌లో లోపం లేదు, మీ నీళ్లే మంచివి కావన్నారు. వదిన మిషన్లోంచి తీసిన గిన్నెలన్నీ సింకులో వేసి మళ్లీ చేత్తో తోమేది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. వేళ్లు నెత్తురోడాయి. దుకాణం మూతపడింది.

ఇక నా ఘనకార్యం. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో, లోపల అడుగున ఉన్న గూట్లో ఉప్పు పోయాలని రాసి ఉంది. మొదటి రోజే వదిన అది చదివి నన్ను అడిగింది. మన కుళాయిలో వచ్చేవే ఉప్పు నీళ్లు, వాటికి మళ్లీ ఉప్పేంటి వదినా, వంటింట్లో సముద్రం పెడదామనా అని నవ్వాను. చదువుకున్నదాన్ని కదా, నా మాట వేదవాక్కయింది. ఉప్పు లేదని ఎర్ర దీపం వెలుగుతుంటే దాని మీద ప్లాస్టరు ముక్క అంటించిందీ నేనే.

అమ్మ మిషన్ తిరిగిచ్చేయమంది. ఇక సూది మానేసి ఇంటిపట్టున ఉండరాదా అని అన్నయ్య కూడా మెత్తగా అన్నాడు. వదిన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మర్నాడు కుళాయి నీళ్లు సీసాలో పట్టుకుని, తనకు దారాలకు రంగు వేసిచ్చే అద్దకం తాత దగ్గరికి బయల్దేరింది. నన్నూ లాక్కెళ్లింది.

వదిన చెప్పిందంతా విని తాత రెండు సీసాలు పెట్టాడు. ఒకదాన్లో దాచుకున్న వాననీళ్లు, ఇంకోదాన్లో మావి. రెంటిలోనూ సబ్బు తురిమి వేసి ఊపాడు. వాననీళ్లు మూతదాకా నురగ కట్టాయి. మావి పాలు విరిగినట్టు తరకలు తేలాయి.

"ఉప్పు నీళ్లని పేరు పెట్టుకున్నాం గానీ, ఇందులో ఉన్నది ఉప్పు కాదమ్మా, సున్నం. నీ మిషన్‌లో ఆ సున్నాన్ని పట్టుకునేది ఒకటుంటుంది. అది నిండిపోతే దాన్ని కడిగేది ఉప్పే. గిన్నెల మీదికి రాదు. పోయొద్దన్నది ఎవరు?" అన్నాడు.

వదిన నా వైపు చూడలేదు. "నేనే తాతా. చదివి కూడా పోయలేదు," అంది. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది నాకు.

ఆ సాయంత్రమే ప్లాస్టరు పీకేసింది. వంటింటి ఉప్పు పట్టుకొచ్చిన నన్ను ఆపి, సన్న ఉప్పు అడ్డుపడుతుందని పుస్తకంలో చూపించి, మిషన్ కోసమే అమ్మే పలుకుల ఉప్పు తెప్పించింది. ఈసారి ఎవరి సలహా అడగలేదు. గూట్లో ముందు నీళ్లు, వాటిమీద ఉప్పు, ఒలికింది తుడిచి వెంటనే మిషన్ నడిపింది. నీళ్లలో సున్నం ఎంతుందో చూడ్డానికి పుస్తకంలో అంటించి ఉన్న కాగితం ముక్కను కుళాయి నీళ్లలో ముంచి, అది మారిన రంగు చూసి, మిషన్‌లో సున్నం అంకెను చివరిదాకా పెంచింది. పేరుకున్న సున్నం ఒక్కసారికి వదల్లేదు. గ్లాసులు లోపలే ఉంచి, సబ్బు బదులు నిమ్మ ఉప్పు వేసి నడిపింది. మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ. చెయ్యి మాత్రం నీళ్లలో పెట్టలేదు. మరకల గ్లాసుల్లోనే మంచినీళ్లిచ్చింది, అమ్మ మొహం చిట్లించినా అవే ఇచ్చింది. ఐదో రోజు గ్లాసులోంచి కిటికీ కనిపించింది.

వేళ్లు మానడానికి నెల పైనే పట్టింది. పగుళ్లు పూడాయని చూపించిన రోజు ఆమె కంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

దుకాణం తెరిచే రోజు ఉదయం వదిన తాళంచెవి తీసుకుని గుమ్మందాకా వచ్చింది. పాలగిన్నె అడుగంటింది, ఆ ఒక్కటీ చేత్తో తోమిపెట్టి వెళ్లమ్మా అని అమ్మ అలవాటుగా అంది. ఒక్కటే కదా. నేనైతే తోమేసేదాన్ని.

"తోమను అత్తయ్యా," అంది వదిన, చెప్పులు వేసుకుంటూనే. "ఈ చేతులు పనిలోకి వెళ్తున్నాయి."

మెట్లు దిగి వెళ్లిపోయింది. అమ్మ నా వైపు చూసింది. ఆసుపత్రికి అప్పటికే ఆలస్యమైంది. నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని గిన్నె అందుకున్నాను.