జైలు బల్ల మీద నా బూట్లు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే మా ఊరి చిమిండైంగ్ బజారు దాటి రేవుదాకా వెళ్తాయి. అన్నిటికీ ముందు నిలబడేది మాత్రం ఒక జత బూట్లు. విని నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు.

మా యాంగోన్‌లో పగోడాకి వెళ్ళినా, ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే జోళ్ళు విప్పాలి. ముప్పై ఏళ్ళు అలా బతికినవాడి కాళ్ళు బుర్రని అడగవు. అప్పట్లో నేను ఓడలో ఫిట్టరుని. మా అక్క మొగుడు దానియేలు బావ అదే ఓడలో వంటవాడు. ఓడ బాల్టిక్ తీరంలో ఆగినప్పుడు, మంచు పడుతున్న ఒక రోజు, ఇద్దరం ఒకప్పటి సోవియట్ రహస్య పోలీసుల జైలు చూడబోయాం. ఇప్పుడది మ్యూజియం. నేలమాళిగలో ఒక గది గుమ్మం పక్కన, చెక్క బల్ల మీద పాత బూట్లు వరసగా ఉన్నాయి. ఇంకేముంది, నావీ విప్పి, వాటి పక్కన బుద్ధిగా పెట్టి లోపలికి నడిచాను.

"ఏటిరా జోసెపూ, జోళ్ళిప్పేసేవు?" అన్నాడు బావ.

"అందరూ ఇప్పేరు కదా బావా."

"ఆ అందరూ ఏరీ?"

గదిలో ఉన్నవాళ్ళందరి కాళ్ళకీ బూట్లున్నాయి. అప్పుడు చదివాను గోడమీది అట్ట. అవి ఖైదీల బూట్లు.

గబగబా వెనక్కి వచ్చేసరికి బల్ల ముందు ఎనభై ఏళ్ళ ముసలావిడ నిలబడి ఉంది. ఆవిడ మాటల్ని గైడు పిల్ల ఇంగ్లీషులో చెబుతోంది.

"ఈవిడ నాన్నగారిని ఇక్కడికే తెచ్చారట. ఆయన బూట్లు కూడా ఇలాగే నల్లగా ఉండేవట."

ముసలావిడ చేతిలోని తెల్లపువ్వుని నా బూటులో పెట్టింది. గైడు పిల్ల వంగి చూసింది.

"ఖైదీల బూట్ల తాళ్ళు తీసేసేవారే. వీటికెందుకున్నాయో."

నేను మేజోళ్ళ కాళ్ళని ఒకదాని వెనక ఒకటి దాచుకున్నాను.

"సెప్పీరా," అన్నాడు బావ నా చెవిలో.

"ఎలా సెప్పను?"

"సెప్పకపోతే ఓడదాకా మంచులో మేజోళ్ళతో నడుస్తావేటి?"

నడిచిపోదామనే అనుకున్నాను. కానీ ఆవిడ ఏటేటా వచ్చి నా చెమట బూట్లకి పూలు పెడుతుందేమో అనిపించి, నోరు పెగల్చుకుని "అవి నావండీ" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ముసలావిడ నా కాళ్ళకేసి చూసింది. చిరిగిన మేజోడులోంచి నా బొటనవేలు ఆవిడకేసి చూసింది. ఆవిడ పువ్వు తీసి, బూట్లు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి, ఏదో అంది. గైడు పిల్ల చెప్పింది.

"మా నాన్న తన బూట్లకోసం తిరిగి రాలేదు. నువ్వు నీవి వేసుకుని ఇంటికి వెళ్ళు బాబూ, అంటున్నారు."

బూట్లలో కాళ్ళు పెట్టాను. తాళ్ళు బావే వంగి కట్టాడు.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గుమ్మంలో జోళ్ళు విప్పినా, పక్కనున్న జోళ్ళవాళ్ళు తిరిగొస్తారో లేదో కనుక్కునే విప్పుతాను.