వీరుడి రొట్టెలు, మా వదినగారి ఆకలి

నిన్న మా ఇంట్లో ఏం జరిగిందో వింటే, ఇకమీదట నేను భోజనానికి రమ్మంటే మీరు కొంచెం ఆలోచించుకుంటారు!

మస్కట్‌లో పనిచేసే మా మరిది బాబ్జీ సెలవుకొస్తూ టీవీకి తగిలించే కంప్యూటరొకటి తెచ్చేడు. దాంతో రెండు ఆటల క్యాసెట్లు.

"ఒకటి మీకు, వదినా. ఇంకోటి రాజోలులో ఫ్రెండుకిస్తానన్నాను. నాలుగింటికి బయల్దేరతాను. ఏది కావాలో తేల్చి ఉంచండి" అని బజారుకెళ్ళిపోయేడు.

రెండూ ఒక బాపతే. మనమే ఒక పాత్రయిపోయి, ఎటు తోస్తే అటు తిరగడం. ఒకదాంట్లో అంతరిక్ష నౌక నడపాలి. ఇంకోదాంట్లో వీరుడిగా అడవులూ కోటలూ తిరగాలి. కుర్రాళ్ళ గోల నాకెందుకు! నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు కదా, మేష్టరైన మా ఆయనేమో స్కూలుకెళ్ళేరు, పది నిమిషాల్లో తేల్చేసి పరీక్ష పేపర్లు దిద్దుకుందామనుకున్నాను.

నౌకని ఆరుసార్లు అంతరిక్షంలో అది ఆగాల్సిన స్టేషను గోడకి గుద్దేను. ఏడోసారి టీవీ అంతా ఎర్రగా పేలిపోతుంటే చప్పట్లు కొట్టేను! ఇదే ఉంచేసుకుందామనుకుంటూ రెండోది పెట్టేను.

వీరుడి సంచిలో పన్నెండు రొట్టెలు. అవి అయిపోతే వాడి పని అయిపోయినట్టే. మొదటి మలుపులోనే ఒక బాటసారి ఆకలన్నాడు. మావైపు ఆకలన్నవాళ్ళకి లేదనే అలవాటు లేదాయె! ఇచ్చేను. రెండోవాడికి ఒకటేం చాలుతుందని రెండిచ్చేను. శత్రువు కోట కాపలావాడు ఊరికే నిలబడుంటే వాడికీ పెట్టేను. "మొహమాటపడకండి, ఇంకోటి తీసుకోండి" అని ఇంగ్లీషులో టైపు కొట్టేను. అర్థం కాలేదంది కంప్యూటర్. నీకెలా అర్థమవుతుందిలే!

"ఎవరికమ్మా ఆ మర్యాదలు?"

వెనక్కి తిరిగితే మలికిపురం నుంచి మా ఆయన అక్కగారు! చేతిలో సంచి, మొహం ధుమధుమ.

"ఎప్పుడొచ్చేరు వదినగారూ?"

"గంటయ్యింది! అరుగు మీంచి మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ 'ఆయ్, వస్తున్నానండి' అన్నావు."

ఒట్టు, నాకు ఒక్కటీ గుర్తులేదు.

"అయ్యో, మంచినీళ్ళు తెస్తానుండండి..."

"ఆగు. టీవీలో ఆ ముసలాయన ఏమంటున్నాడు?"

"ఆకలంటున్నాడండి."

"పెట్టవేం మరి?"

"దారిపొడుగునా అందరికీ పంచగా ఒక్క రొట్టే మిగిలిందండి. పెట్టేస్తే నేను పోతాను."

"అడిగినవాణ్ణి పస్తు పంపిస్తావుటే సుగుణా?"

పెట్టేను. రెండడుగులు వెయ్యగానే నా వీరుడు ఆకలితో కూలిపోయేడు. వదినగారు "అయ్యయ్యో!" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అప్పుడే బాబ్జీ వచ్చేడు. "ఏది ఉంచమంటారు వదినా?"

నౌక అందామని నోరు తెరిచేను. వదినగారు అననిస్తేనా!

"ఈ తిండి పెట్టేదే ఉంచరా. మీ వదిన వచ్చినవాళ్ళని చూసుకోవడం ఇందులోనైనా నేర్చుకుంటుంది. నాకింకా గుక్కెడు నీళ్ళకి దిక్కులేదు!"

అంతరిక్షం రాజోలు వెళ్ళిపోయింది. వదినగారికి మంచినీళ్ళూ, పెసరట్లూ, కాఫీ, అన్నీ ఒకేసారి ఇచ్చి బస్సెక్కించేను.

అప్పట్నుంచీ నేర్చుకుంటూనే ఉన్నాను. నలుగురు వీరుల్ని వరసగా ఆకలితో చంపేను. ఈ పొద్దున్న ఐదోవాణ్ణి మాత్రం కడుపునిండా పెట్టి బతికించుకున్నాను. మా ఆయనే, ఉప్మా మాడిపోయి, పస్తున స్కూలుకెళ్ళేరు.