గ్రహణం పూట అవ్వ నిలబెట్టిన రోకలి

నా చిన్నప్పుడు సూర్యుణ్ణి రాహువు నోట్లోంచి విడిపించేది మా అవ్వే. ఆమెకు సాయం పట్టేవాణ్ణి నేను. మా మనవరాలికి చెప్పేటప్పుడైతే సూర్యుడి కాలు ఒకటి నా చేతిలో, ఇంకొకటి రాహువు పళ్ల మధ్య ఉండేదని కూడా చెప్పాను. అంత లేదు. నా చేతిలో ఉండేది ఇత్తడి తాంబాళం అంచు. కానీ ఆ అంచు పట్టుకునే హక్కు మా వాడకట్టులో నాకొక్కడికే ఉండేది. అది మాత్రం నిజం.

గ్రహణం పట్టగానే అవ్వ ఇంటి నడుమ తాంబాళం పెట్టి, పసుపు నీళ్లు పోసి, వడ్లు దంచే రోకలిని అందులో నిటారుగా నిలబెట్టేది. ఏ ఆసరా లేకుండా అది నిలబడేది. గ్రహణం ఉన్నంతసేపే నిలుస్తుందని, విడవగానే పడిపోతుందని అందరి నమ్మకం. అది పడడం మాత్రం ఎవరూ చూడలేదు, ఎందుకంటే విడిచే వేళకు అవ్వే దాన్ని తీసి మూలన పెట్టేది. తలుపులు మూసిన మా ఇంట్లో పిల్లలంతా ఆ రోకలి చుట్టూ కూర్చుంటే నేను రాహువు కథ చెప్పేవాణ్ణి. దేవతల వరుసలో దొంగచాటుగా కూర్చుని అమృతం తాగడం, సూర్యచంద్రులు చాడీ చెప్పడం, తల తెగడం, తెగిన తల పగబట్టడం, ఇదంతా అవ్వ నేర్పిందే. రాహువు పళ్ల సందుల్లో ఇరుక్కున్న చుక్కలు, అతను తుమ్మితే నల్లగొండ దాకా లేచే దుమ్ము నా చేర్పులు.

ఒక ఏడాది గ్రహణానికి ముందు మా మేనత్త కొడుకు ఆలేరు నుంచి వచ్చాడు. వరుసకు బావ, నాకంటే కొన్ని నెలలే పెద్ద. వాళ్ల నాయిన రైల్వేలో పని చేసేవాడు. బావ కాళ్లకు గుడ్డ బూట్లు, ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి పక్కపాపిడి తీసిన తల. అతను రాగానే మా అవ్వ పీట వేసి కూర్చోబెట్టింది. నీళ్ల చెంబు నా చేత తెప్పించింది. ఆ చెంబు మోసుకొచ్చేటప్పటికే నా కడుపులో మంట మొదలైంది.

ఆ రాత్రే బావ నా రాజ్యం పడగొట్టాడు. అరుగు మీద కందిలి దీపం పెట్టి అదే సూర్యుడన్నాడు. తాను భూమి అన్నాడు. నా చేతికి నిమ్మకాయ ఇచ్చి, చంద్రుణ్ణి పట్టుకుని అడ్డం రమ్మన్నాడు. అంటే ఆయనగారు భూగోళం, నేను నిమ్మకాయ మోసే జీతగాణ్ణి. నిమ్మకాయ నీడ అతని ముక్కు మీద పడగానే పిల్లలంతా నోళ్లు తెరిచారు. రాహువుకు నేనెన్ని పళ్లు మొలిపించినా వాళ్లు అంతగా నోరు తెరవలేదు.

“రాహువు లేడు, గీహువు లేడు. నడుమల చంద్రుడు అడ్డమొస్తడు. గంతే,” అన్నాడు బావ.

“మరి రోకలెట్ల నిలబడతది?” అన్నాను.

“గది ఏ దినమైనా నిలబడతది బామ్మర్ది. అడుగు సాపుగ ఉంటె సాలు. గ్రహణం విడిచినంక నేనే నిలబెడత, సూడు.”

అవ్వ వింటూనే ఉంది. రోకలిని అంత మాటన్నందుకు వాణ్ణి తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. చదువుకునే బిడ్డ అని చెప్పి బువ్వలో పెరుగు మీది మీగడంతా అతనికే వేసింది. నా పళ్లెంలో పడింది మజ్జిగకు అన్నగారిలాంటి పెరుగు.

గ్రహణం పగటిపూట పట్టింది. బావ ఒక గాజు పెంకుకు కందిలి మసి పట్టించి వాకిట్లో నిలబడ్డాడు. అందులోంచి చూడడానికి పెద్ద పిల్లలు వరుస కట్టారు. లోపల రోకలి చుట్టూ చిన్నవాళ్లు మిగిలారు. కాసేపటికి వాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. కథ సరిగ్గా రాహువు తల తెగే చోట ఉంది. ఆ తలను గాలిలోనే వదిలేసి పోయారు. ఖాళీ ఇంట్లో తాంబాళం అంచు పట్టుకుని కూర్చుంటే, వాకిట్లోంచి వాళ్ల కేరింతలు చెవుల్లో మసిలే నూనె పోసినట్టున్నాయి.

ఇక కూర్చోలేకపోయాను. బయటికి పోయి వాళ్ల ముందు నిలబడి, నాకు అద్దం అక్కర్లేదని, రాహువు నాకు ఉత్త కళ్లకే కనిపిస్తాడని ప్రకటించాను. అందరూ నా వైపు తిరిగారు. ఆ చూపుల రుచి చాలా రోజులకు దొరికింది. తల పైకెత్తాను.

అప్పుడు రాహువు కోరపన్ను చూశానని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. నిజానికి చూసింది తెల్లటి మంట. అదీ రెప్పపాటు. అంతలోనే వెనక నుంచి అవ్వ కొంగు నా మొహం మీద పడింది. ఆమె నన్ను లోపలికి ఈడుస్తూనే, రోకలిని కాచేవాళ్లు లేకుంటే సూర్యుడు తిరిగి రాడని చిన్నవాళ్లను కేకేసింది. వాళ్లు భయపడి లోపలికి పరుగెత్తుకొచ్చారు.

నన్ను మాత్రం వంటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది. కొడుతుందనుకున్నాను. కుడి కన్ను అరచేత్తో మూసుకుని, ఎడమ కంటితో నా మొహంలోకి చూసింది.

“ఈ కంటికి నీ చెవులు కనవడ్తయి, ముక్కు కనవడదు. నడుమల అంత నల్లగుంటది. నీ అంత ఉన్నప్పుడు మేకల కాడ రాహువును సూద్దామని సూసిన. గప్పటిసంది గింతే.”

అయితే రాహువు లేడా అని అడిగాను. ఉన్నాడో లేడో తనకు తెలియదంది. బావ చెప్పేది నిజమే అయి ఉంటుందంది. రోకలి ఏ రోజైనా నిలబడుతుందని, అత్తగారింటికి వచ్చిన కొత్తలోనే తనకు తెలిసిందని కూడా అంది.

“మరి ఎందుకు నిలబెడ్తవ్?”

“పోరగాండ్లు కిందికి సూడాలె గద బిడ్డ. సూడొద్దంటె సూస్తరు. రోకలి సూపిస్తె పైకి సూసుడు మర్సిపోతరు. నీ కథ గూడ గందుకే.”

ఈ సంగతి బావతో చెబుతావా అని అడిగాను. అంత తెలుసుకున్నాక కూడా నాకు ముందు గుర్తొచ్చింది అదే, చూడండి. వానికెందుకు, వానికి అద్దమున్నది అంది అవ్వ. నన్ను కూడా ఎవరికీ చెప్పొద్దంది.

గ్రహణం విడిచింది. అన్నమాట ప్రకారం బావ రోకలి కోసం లోపలికి వస్తున్నాడు. పిల్లలంతా అక్కడే ఉన్నారు. వాళ్ల ముందు అది నిలబడితే మళ్లీ గ్రహణానికి ఒక్కడూ ఇంట్లో కూర్చోడు. అందరికీ సరిపడా అద్దాలు ఎక్కడున్నాయి? విడుపు స్నానానికి బావి దగ్గరికి ముందు పోయినవాడికే చేద అని అరిచాను. మంద మంద లేచి పరుగెత్తింది. ఇంట్లో బావ, నేను, అవ్వ మిగిలాం.

బావ రోకలి నిలబెట్టాడు. నిలబడింది. తలెత్తి చూస్తే మెచ్చుకునేందుకు నేనొక్కణ్ణే.

“నిలబడ్డది బావా. నువ్వు చెప్పిందే నిజం,” అన్నాను. వేపాకు నమిలి మింగినట్టైంది.

అదే మాట అందరి ముందు చెప్పమన్నాడు. చెప్పనన్నాను. నాది కుళ్లు అనుకున్నాడు. సగం నిజమే, కాదనను. అవ్వ వచ్చి రోకలి తీసి మూలన పెట్టింది. పోతూ పోతూ నా నెత్తి మీద చెయ్యి వేసింది. బావ తల మీద వెయ్యలేదు. అది నేను గమనించాను.

అవ్వ చెప్పినవన్నీ అలాంటివే అననులెండి. కడుపుతో ఉన్న మా చిన్నమ్మను గ్రహణమంతా కదలకుండా ఎందుకు పడుకోబెట్టిందో ఆమెకూ తెలియదు, అడిగితే విసుక్కునేది. తెలంగాణ వచ్చాక మా మనవరాలి బడిలో గ్రహణం చూడ్డానికి నల్ల కళ్లద్దాలు పంచారు. మసి అద్దం కూడా కంటికి చాలదని ఆ పిల్లే నాకు చెప్పింది. ఈ సంగతి బావకు ఫోన్ చేసి చెప్పడంలో నాకు కలిగిన సంతోషం దాచుకోను. ఈ వయసులో కూడా ఆయన మనవళ్ల మార్కులు వింటే నాకు నిద్ర పట్టదు.

కానీ ఆకాశం గురించి ఎవరు ఏ కథ చెప్పినా, నవ్వే ముందు అది ఎవరి కన్ను కాయడానికి పుట్టిందో ఒక్కసారి చూస్తాను. నా జీవితంలో చీమను ఏనుగు చేయని ముచ్చట లేదు. ఆ రోజు అవ్వ ఒక కన్ను మూసుకుని చెప్పినదానికి మాత్రం, ఇన్నేళ్లలో నేనొక్క మాట కూడా కలపలేదు.