విత్తనాల బస్తా మీద వత్సల

మా లాతూరు వైపు మృగశిర మొదటి వానకు విత్తే గొర్రు కట్టినవాడే మొనగాడు. మా పక్కింటి జ్ఞానోబా ఏటా ఆ మొనగాడే. గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, బొబ్బట్టులాంటి పోళీ నైవేద్యం చూపించి, ఊరికంటే ముందు సోయా విత్తేవాడు. ఆ తర్వాత ఎండ కాసి మొలకలు మాడితే మళ్లీ విత్తేవాడు. బావుల్లేని ఊరు మాది, అందరిదీ అదే తీరు. అది తప్పని ఎవరికీ తోచలేదు.

ఒక ఏడు మాత్రం జ్ఞానోబాకు మళ్లీ విత్తడానికి గింజ లేదు. ఇంట్లో దాచిన ఒక్క బస్తా ఉంది. అది పోతే చేను బీడే. అందుకే పూజ అవగానే ఆయన భార్య వత్సల వాకిట్లో ఆ బస్తా మీద చతికిలబడింది.

"లే. ఎద్దులు కట్టిన."

"లేవను. పైపైన తడిసింది గానీ జానెడు లోపల మట్టి వేడిగనే ఉంది. చెయ్యి పెట్టి చూడు."

"ఊరంతా చూస్తోందే!"

"చూడనీ. మాడిన మొలకల్ని ఊరొచ్చి లేపుతదా?"

వీధిలోంచి ఒకడు అరిచాడు. "జ్ఞానోబా, పూజ గొర్రుకా, వదిన కాళ్లకా?"

అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా. నాకు ఒళ్లు మండింది. జ్ఞానోబా ఎద్దుల్ని విప్పి, భార్యతో మాట మానేశాడు. మా ఆయన వెళ్లి మా చేలో విత్తేశాడు.

వాన మొహం చాటేసింది. మా మొలకలు మాడిపోయాయి. చివరికి ముసురు పట్టి నేల లోపలిదాకా తడిశాక, వత్సల చేలో చెయ్యి పెట్టి చూసి, బస్తా తానే తెచ్చి గొర్రు పక్కన దించింది.

"ఇప్పుడు పద. నాలుగు సాళ్లకొకటి వదిలెయ్. అక్కడ కాలువ తీద్దాం, నీళ్లు నిలుస్తయ్."

"అంత చోటు దండగ కాదా?" అన్నాడు జ్ఞానోబా. అలక తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే!

శ్రావణంలో చినుకు లేదు. ఊళ్లో చేలన్నీ వాడిపోతుంటే, వాళ్ల సోయా ఆ కాలువల్లో ఇంకిన తడితో కాయ నింపుకుంది. చూసి సంతోషంతో నాకు కన్నీళ్లొచ్చాయి.

మరుసటి ఏడు మొదటి వాన పడింది. గొర్రు పూజ అయింది. జ్ఞానోబా లోపలికి వెళ్లి బస్తా మోసుకొచ్చి వాకిట్లో పెట్టాడు. దాని మీద కంబళి మడిచి పరిచాడు.

"కూర్చో," అన్నాడు, వీధంతా వినేలా. "నువ్వు లేచినంకనే గొర్రు కదిలేది."

అది విని మా ఆయన, గొర్రుకు కట్టిన మా ఎద్దుల్ని విప్పేశాడు.