ఇంజను చక్రాలకు పసుపు

మా ఇంట్లో రెండు రైలింజన్లున్నాయి. అరచేతిలో పట్టే బొమ్మ ఇంజన్లే అయినా నిజమైన వాటికంటే ఎక్కువ గారాలు పోతాయి. రాతి పలకలు కోసే ఊళ్లో ఉంటూ ఈ పిచ్చి పెట్టుకున్న ఘనుణ్ణి నేనొక్కణ్ణే. ఎన్ని తలుపులు మూసినా పలక దుమ్ము పట్టాల మీద వాలుతుంది, చక్రాలకు నల్లటి మడ్డి కడుతుంది. కరెంటు పట్టాల నుంచి చక్రాల మీదుగానే మోటారుకు ఎక్కాలి. చక్రం మాసిందా, బండి ఆగిందన్నమాటే. అందుకే నాకు బండి నడపడం కంటే చక్రాలు తుడవడమే పెద్ద పని.

పోయిన దసరా ముందు మూడో ఇంజను వచ్చింది. అది గిద్దలూరులో ఉండే ఒక అన్న ఇంజను. ఈ పిచ్చితోనే పరిచయమైన మనిషి, చర్చికి తప్ప ఇల్లు కదలడు. గుండె ఆపరేషనుకు పోతూ దాన్ని నా చేతిలో పెట్టాడు. వాళ్ల నాయన కొనిచ్చిన ఇంజను, అలాంటిది ఇప్పుడు కావాలన్నా దొరకదు.

"ఇంట్లో పిల్లోళ్లు పడేస్తారు తమ్ముడూ. నేను తిరిగొచ్చినాక ఇది నడిచేది చూడల్ల," అన్నాడు. రాకపోతే ఏమిటన్న మాట ఇద్దరం ఎత్తలేదు.

ఆపరేషను బాగా జరిగింది. కాస్త తేరుకున్నాక, ఇంజను చూసుకోవడానికి వస్తున్నానని ఒక పొద్దున ఫోను చేశాడు. అన్నాళ్లూ దాచిపెట్టిన ఇంజనును సంబరంగా తీసి పట్టాల మీద పెడితే అది కదల్లేదు. తిరగేసి చూస్తే చక్రాలన్నీ పచ్చగా ఉన్నాయి, మధ్యలో కుంకుమ బొట్లు.

ఇది మా అమ్మ పని. ఆయుధపూజ నాడు నా మోటారుసైకిలుకు, తన కుట్టుమిషనుకు పెట్టినట్టే దీనికీ పెట్టిందట. నీళ్లతో కలిపితే తుప్పు పడుతుందని పసుపు ఆముదంలో కలిపిందట. చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టబోయి, చక్రం కంటే నిమ్మకాయే పెద్దదని మానుకుందట. ఏం జాగ్రత్త తల్లీ! నాకు ఒళ్లు మండింది. మోటారు కాలిపోయి ఉంటే ఆయనకు నా ముఖం ఎలా చూపించాలి? పైగా ప్రార్థనకు పోయే మనిషి, మన పసుపు కుంకుమలు చూసి ఏమనుకుంటాడని అరిచాను. అమ్మ చేట తీసుకుని పోయి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు స్పిరిట్‌లో ముంచి ముందు వెనక చక్రాలు తుడిచాను. కత్తితో గీకితే గీతలు పడతాయి, ఓపిగ్గా తుడవాల్సిందే. తర్వాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డ పట్టాల మీద పరిచి, ముందు చక్రాలు గుడ్డ మీద, వెనకవి పట్టాల మీద ఉండేలా నిలబెట్టి కరెంటు ఇచ్చాను. వెనకవాటి మీదుగా కరెంటు ఎక్కితే ముందువి తిరుగుతూ గుడ్డకే తుడుచుకుంటాయి. ఉలుకూ పలుకూ లేదు. అయిపోయిందనుకుంటూ వేలితో కొంచెం నెట్టాను. గుర్రుమంది. ముందు చక్రాలు గిరగిరా తిరుగుతూ గుడ్డ మీద పచ్చటి చారలు గీశాయి. హమ్మయ్య, నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అన్న వచ్చాడు. చిక్కి సగమయ్యాడు గానీ ఇంజను ఒక చుట్టు తిరిగేసరికి ముఖం వెలిగింది. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే చక్రం సందులో పసుపు కొంచెం మిగిలే ఉంది.

"ఇదేంది తమ్ముడూ?" అన్నాడు.

నేను చెప్పేలోపే అమ్మ చేట పక్కన పెట్టింది.

"నేనే పెట్టినా నాయనా. మావాడి బొమ్మ బండ్లకు పెట్టలా, దీనికే పెట్టినా. నువ్వు ఆసుపత్రిలో ఉండావు గదా. నీ బండి బాగుంటే నువ్వూ బాగుంటావనుకున్నా."

అంతలా అరిచానే గానీ దీనికొక్కదానికే ఎందుకు పెట్టావని అడగడం నాకసలు తోచనేలేదు. అన్న చక్రం సందులోని పసుపును వేలితో తడిమాడు. తర్వాత ఇంజనును అమ్మ ముందు పెట్టాడు.

"చక్రాలకు వద్దు పెద్దమ్మా, కరెంటు ఎక్కదు. ముందర, ఇంజను ముఖానికి పెట్టు."

అమ్మ నా వైపు చూసింది. నేనే లేచి పసుపు డబ్బా తెచ్చి ఇచ్చాను.